మొరే ఈల్ నోట్లోకి వెళ్లిన రొయ్య ప్రాణాలతో ఎలా బయటికొస్తుంది?

అండమాన్‌లోని హావ్‌లాక్‌లో స్కూబా చేస్తున్నప్పుడు రాతి సందులో ఒక మొరే ఈల్, అంటే పాములాంటి చేప, నోరు తెరుచుకుని ఉందని, ఎర్ర వీపు మీద తెల్లచార ఉన్న రొయ్య ఒకటి దాని పళ్ల మధ్య తాపీగా తిరుగుతోందని మీరు రాశారు. ఈల్ దాన్ని ఎందుకు మింగదని మొదటి ప్రశ్న. అది నిజంగానే పురుగులు ఏరుతోందా, లేక గైడ్లు చెప్పే కథా అని రెండోది. హైదరాబాద్‌లో మీ మెరైన్ ట్యాంకు చేపలకు వైట్ స్పాట్ (తెల్లచుక్కల జబ్బు) వచ్చింది కాబట్టి ఈ రొయ్యని తెచ్చి వేస్తే తగ్గుతుందా, భీమవరంలో మీ బావగారి వనామీ చెరువులో కూడా పనికొస్తుందా అని చివర్లో అడిగారు. నేను చాలా ఏళ్లుగా రీఫ్‌ల (పగడపు దిబ్బల) మీద డైవింగ్ చేస్తున్నాను, ఇంట్లో ఉప్పునీటి ట్యాంకు కూడా ఉంది. నాకు బాగా ఇష్టమైన జీవి ఇది. అందుకని జవాబు కాస్త పొడుగ్గానే ఉంటుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక మాట. దీన్ని చేపకీ రొయ్యకీ స్నేహం అని చాలామంది రాస్తుంటారు. నాకు ఆ మాట నచ్చదు. అక్కడ జరిగేది ప్రతిసారీ కొత్తగా కుదిరే బేరం. చేప అడగాలి, రొయ్య ఒప్పుకోవాలి, మధ్యలో ఎవరికి నచ్చకపోయినా అక్కడితో తెగిపోతుంది. ఈ అడగడం, ఒప్పుకోవడం ఎలా జరుగుతాయో తెలిస్తే మీ ప్రశ్నల్లో సగానికి జవాబు దానంతటదే దొరుకుతుంది.

మీరు చూసింది లైస్మాటా అంబోయినెన్సిస్ అయి ఉండాలి. 1888లో డి మాన్ అనే డచ్ శాస్త్రవేత్త దీన్ని వర్ణించాడు. ఇండోనేషియాలోని అంబాన్ దీవి మీదుగా ఆ పేరు వచ్చింది. ఎర్ర సముద్రం నుంచి పసిఫిక్ దీవుల దాకా పగడపు దిబ్బల్లో ఉంటుంది. పొడవు ఐదారు సెంటీమీటర్లు. ఒళ్లు లేత పసుపు, వీపు మీద తల నుంచి తోక దాకా చిక్కటి ఎరుపు, ఆ ఎరుపు నడుమ ఒక తెల్లని గీత. ముందుకు చాచిన తెల్లని మీసాలు లెక్కపెడితే ఆరు ఉంటాయి: ఒక జత పొడవాటివి, ఇంకో జతలో ఒక్కొక్కటీ రెండుగా చీలి నాలుగు. రాతి సందులో మీకు ముందు కనబడేది రొయ్య కాదు, ఆ మీసాలే. మన తెలుగు తీరంలో దీన్ని వెతక్కండి. గోదావరి, కృష్ణ తెచ్చే ఒండ్రు, మంచినీరు కలిసే చోట పెద్ద పగడపు దిబ్బలు పెరగవు. మన దేశంలో రీఫ్ అంటే అండమాన్ నికోబార్, లక్షద్వీప్, మన్నార్ సింధుశాఖ, కచ్ సింధుశాఖ, ఈ నాలుగే ముఖ్యం.

చేపల ఒంటి మీది పురుగుల్ని ఏరి తినే ఇలాంటి వాటిని క్లీనర్ రొయ్యలు అంటారు. క్లీనర్ రొయ్య అంటే ఇదొక్కటే కాదు. ఎరుపు తెలుపు పట్టీలతో పెద్ద డెక్కలు చాచుకుని ఉండే స్టెనోపస్ హిస్పిడస్ ఉంది, దాన్ని అట్లాంటిక్‌లోనూ చూడొచ్చు, మన వైపూ చూడొచ్చు. కరేబియన్‌లో పెడర్సన్ రొయ్య ఉంది, గాజులా పారదర్శకంగా ఉండి ఒంటి మీద ఊదారంగు మచ్చలు మాత్రమే కనిపిస్తాయి. ఇండో పసిఫిక్‌లో యూరోకారిడెల్లా అనే ఇంకో గాజు రొయ్యల ప్రజాతి ఉంది, లక్షద్వీప్ నుంచి దాంట్లో ఒక కొత్త జాతిని మన శాస్త్రవేత్తలే వర్ణించి అరేబియానెన్సిస్ అని పేరు పెట్టారు. ఇవన్నీ ఒకే కుటుంబానివి కావు. వేర్వేరు వంశాల రొయ్యలు విడివిడిగా ఇదే పనిలోకి వచ్చాయి. పరిశోధనలు కూడా ఒక్కో జాతి మీద ఒక్కో చోట జరిగాయి కాబట్టి, కింద ఏది ఏ రొయ్య గురించో చెబుతూ వెళ్తాను. ఇంటర్నెట్‌లో అన్నీ కలిపేసి రాయడం వల్లే సగం గందరగోళం.

ఇక అసలు సంగతి, శుభ్రం చేయడం. ఈసారి రీఫ్ మీదికి వెళ్లినప్పుడు ఒక సందుకి కాస్త దూరంగా, ఇసుక లేపకుండా, ఊపిరి నెమ్మదిగా తీసుకుంటూ ఆగండి. ముందు ఒక సర్జన్ చేప వస్తుంది. ఈదడం ఆపేస్తుంది. తల పైకో కిందికో వంచి, ఒక పక్కకి ఒరిగి, నీళ్లలో వేలాడినట్టు నిలబడిపోతుంది. రెక్కలు విప్పుతుంది. రొయ్య సందు అంచుకి వచ్చి అటూ ఇటూ ఊగుతుంది, మీసాలు కొరడాల్లా ఆడిస్తుంది. వెంటనే ఎక్కేయదు. ముందు మీసాల కొసలతో చేప పక్కటెముకల మీద, మొప్పల మూత మీద తడుముతుంది. రొయ్యల మీసాల్లో వాసన, స్పర్శ రెండూ పట్టే శక్తి ఉంది, కాబట్టి ఆ తడమడంలోనే బోలెడంత సమాచారం అందుతుంది. అప్పుడు ముందరి కాళ్ల చివర ఉన్న సన్నని డెక్కలతో పొలుసుల మధ్య గిచ్చి గిచ్చి తీసి నోట్లో పెట్టుకుంటుంది. చేతులు ఎంత వేగంగా కదులుతాయంటే మన కళ్లు పట్టుకోలేవు. మొప్పల దగ్గరికి వచ్చేసరికి చేప మూత ఎత్తిపడుతుంది, రొయ్య సగం ఒళ్లు లోపలికి దూరుస్తుంది. ఉన్నట్టుండి చేప ఒళ్లు జలదరించినట్టు ఒక్కసారి ఉలిక్కిపడుతుంది. దాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికి వస్తాను.

ఎవరు ముందు అడుగుతారన్నది చాలాకాలం ఊహగానమే. పెడర్సన్ రొయ్య మీద ఎలినార్ కేవ్స్ బృందం 2018లో ప్రచురించిన పని దీన్ని బాగా తేల్చింది. రొయ్య మీసాలు ఆడించడం చేపకు ఒక సంకేతం, నేను సిద్ధంగా ఉన్నానని. చేప వైపు నుంచి సంకేతం ఇంకా ఆసక్తికరం: చాలా చేపలు శుభ్రం చేయించుకునే ముందు ఒళ్లు నల్లబరుస్తాయి. అప్పటిదాకా లేత రంగులో ఉన్న చేప నిమిషంలో ముదురు రంగుకి మారిపోతుంది. అది నిజంగా రొయ్యకి సంకేతమేనా అని తెలుసుకోవడానికి వాళ్లు ట్యాంకులో రొయ్యల ముందు తెర పెట్టి ముదురు ఆకారాలు, లేత ఆకారాలు చూపించారు. ముదురు ఆకారం కనిపిస్తే రొయ్యలు శుభ్రం చేయడానికి ముందుకొచ్చాయి, వాసన లేకపోయినా, చేప లేకపోయినా.

నలుపే ఎందుకు? దీనికి జవాబు రొయ్య కంట్లో ఉంది. అంతకుముందు 2016లో ఇదే పరిశోధకురాలు, సహచరులు మూడు క్లీనర్ రొయ్యల కళ్లు పరీక్షించారు, మీరు చూసిన అంబోయినెన్సిస్ కూడా అందులో ఉంది. వాటికి రంగులు తెలియవు. కంట్లో ఒకే రకం కాంతి గ్రాహకం ఉంది. చూపు కూడా మందం, పక్కనున్న రొయ్య ఒంటి మీది చారలు కూడా వాటికి తెలియవు. అంటే ఆ ఎరుపు, ఆ తెల్లగీత, ఊదామచ్చలు తోటి రొయ్యల కోసం కాదు, చూడగలిగే చేపల కోసం. చేప ఇచ్చే సంకేతం మాత్రం రొయ్య మసక చూపుకి సరిపోయేలా ఉంది: నీలి వెలుతురు ముందు నిలబడ్డ పెద్ద నల్లటి ఆకారం. ఒకరి కంటికి తగ్గట్టు ఇంకొకరు మాట్లాడుకుంటున్నారన్నమాట. ఈ విషయం మొదటిసారి చదివినప్పుడు కలిగిన ఆనందం నాకు ఇంకా గుర్తుంది.

ఊగడం సంగతి కూడా తేలింది. ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫ్‌లో లిజార్డ్ ఐలండ్ దగ్గర బెకర్, కర్టిస్, గ్రట్టర్ అనే ముగ్గురు యూరోకారిడెల్లా రొయ్యల మీద పని చేసి 2005లో ప్రచురించారు. ఆకలిగా ఉన్న రొయ్యలు కడుపు నిండిన వాటికంటే ఎక్కువ ఊగాయి, ఎక్కువసేపు శుభ్రం చేశాయి. చేపలకు రెండు చోట్లు చూపిస్తే ఎక్కువ ఊగే రొయ్యల దగ్గరికే వెళ్లాయి. చేప వైపు నుంచి చూస్తే అది తెలివైన పనే. ఆకలిగా ఉన్న రొయ్య పని ఒళ్లు దాచుకోకుండా చేస్తుంది.

ఇప్పుడు ఈల్ దగ్గరికి వద్దాం. మొరే ఈల్, గ్రూపర్ లాంటివి రొయ్యల్ని తినే చేపలే. సందు బయట ఇసుకలో అడ్డంగా దొరికిన వేరే రొయ్యని వదలవు. మరి ఈ రొయ్యకి ఆ తేడా తెలుసా? తెలిసినట్టే ప్రవర్తిస్తుంది. కేవ్స్ బృందమే 2019లో అంబోయినెన్సిస్‌ని రీఫ్ మీద గమనించి రాసింది: వచ్చింది వేటచేప అయితే రొయ్య మొదట్లోనే కాళ్లు పక్కలకు ఊపే ఒక కదలిక ఎక్కువగా చేస్తుంది, గడ్డి తినే చేప వస్తే అంతగా చేయదు. ఎర్ర సముద్రంలో లాంగికార్పస్ అనే ఇంకో రొయ్య మీద షపుయి, బ్షారీ అనే ఇద్దరు పని చేశారు. అక్కడ రొయ్య డెక్కలు చప్పట్లు కొట్టినట్టు ఆడిస్తుంది, అదీ ఆకలిగా ఉండి, ముందున్నది వేటచేప అయినప్పుడు మరీ ఎక్కువ. నేను తిండిని కాదు, పనివాణ్ణి అని ముందే చెప్పుకోవడం అది.

ఇందాక గుర్తుపెట్టుకోమన్న ఉలికిపాటు ఇక్కడ పనికొస్తుంది. క్లీనర్ ఎప్పుడూ నిజాయితీగా పురుగులే తినదు. చేప ఒంటి మీది జిగురు, బతికున్న చర్మం కూడా దానికి తిండే. అలా కొరికినప్పుడు చేప ఉలిక్కిపడుతుంది. పరిశోధకులు దాన్నే మోసానికి కొలతగా లెక్కిస్తారు. ఎర్ర సముద్రం రొయ్యల దగ్గర వేటచేపల ఉలికిపాట్లు తక్కువ, మామూలు చేపల ఉలికిపాట్లు ఎక్కువ అని 2009లో ఆ ఇద్దరే చూపించారు. ప్రాణం తీయగలిగిన వాడి దగ్గర ఒళ్లు దగ్గర పెట్టుకుని పని చేస్తోంది, మిగతా వాళ్ల దగ్గర కాస్త చిలక్కొట్టుడు. స్నేహం అనే మాట నాకు ఎందుకు నచ్చదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. చేప వైపు లెక్క కూడా ఇలాంటిదే. ఈ రొయ్యని మింగితే ఒక ముద్ద. మింగకపోతే మొప్పల్లో రక్తం తాగే పురుగులు పోతాయి, రేపు మళ్లీ రావచ్చు. రొయ్య సందు మారదు, చేపకి చోటు తెలుసు. రోజూ ఒకే చోట దొరుకుతుందన్న ఆ ఒక్క విషయం ఈ బేరాన్ని చాలావరకు నిలబెడుతోంది. అంతమాత్రాన ఏ చేపా ఏ క్లీనర్‌నీ ఎప్పుడూ తినదని కాదు. ట్యాంకులో ఈ లెక్క ఎలా తిరగబడుతుందో కింద చెబుతాను.

చోటు సంగతి పెడర్సన్ రొయ్యలో ఇంకా స్పష్టం. అది సముద్రపు ఎనిమోన్, అంటే రాతికి అంటుకుని పువ్వులా విచ్చుకునే జీవి, పక్కనే ఉంటుంది, కుట్టే దాని చేతుల మధ్య తిరిగినా దానికి ఏమీ కాదు. గాజులాంటి రొయ్యని చేప దూరం నుంచి ఎలా కనుక్కుంటుంది? అమెరికన్ వర్జిన్ దీవుల్లో హ్యూబ్నర్, చాడ్విక్ చేసిన పని ప్రకారం చేపలు వెతికేది ఎనిమోన్‌ని. ఎనిమోన్ కంటబడితే రొయ్య అక్కడ ఉండొచ్చని ఆగుతాయి. ఎనిమోన్ పోయిన రీఫ్‌లో రొయ్య మిగిలినా దాని దుకాణం బోర్డు పోయినట్టే.

మీ రెండో ప్రశ్న: నిజంగా శుభ్రం అవుతుందా? దీనికి చరిత్ర ఉంది. ఈ విషయాన్ని లోకానికి పరిచయం చేసినవారిలో ముఖ్యుడు కాన్రాడ్ లింబా అనే అమెరికన్ డైవర్, జీవశాస్త్రవేత్త. 1960లో ఫ్రాన్స్‌లో నీటి అడుగు గుహలో డైవింగ్ చేస్తూ చనిపోయాడు. పెడర్సన్, చేస్ అనే వాళ్లతో కలిసి చేపల్ని శుభ్రం చేసే రొయ్యల మీద అతను రాసిన వ్యాసం మరుసటి ఏడాది 1961లో వచ్చింది. బహామాస్‌లో రెండు చిన్న దిబ్బల నుంచి క్లీనర్లన్నిటినీ తీసేస్తే రెండు వారాల్లో చేపలు వెళ్లిపోయాయని, మిగిలినవాటికి పుండ్లు పడ్డాయని అతను రాశాడు. గొప్ప కథ, ఇప్పటికీ అందరూ చెబుతుంటారు. కానీ తర్వాత వేరేవాళ్లు హవాయిలో, ఆస్ట్రేలియాలో క్లీనర్ చేపల్ని తీసేసి చూస్తే అంత నాటకీయంగా ఏమీ జరగలేదు. చాలా ఓపిగ్గా, లిజార్డ్ ఐలండ్ దగ్గర కొన్ని దిబ్బల నుంచి ఇదే పని చేసే క్లీనర్ రాస్ అనే చిన్న చేపల్ని ఎనిమిదేళ్లకు పైగా తొలగిస్తూ వచ్చినప్పుడు మాత్రం తేడా బయటపడింది. ఆ దిబ్బల మీద చేపలు తగ్గాయి, కొన్ని జాతులు చిన్నవిగా ఉండిపోయాయి. అది 2011లో అచ్చయింది. ఫలితం ఉంది కానీ నెమ్మదిగా వస్తుంది. పైగా అది చేపల మీద జరిగిన పని, రొయ్యలకి అలాగే వర్తింపజేయకండి.

రొయ్యల విషయానికొస్తే, బెకర్, గ్రట్టర్ 2004లో రెండు రకాల రొయ్యల పొట్టలు పరీక్షించి వాటిలో చేపల పరాన్నజీవులు చూశారు. ట్యాంకులో సర్జన్ చేపల మీద ఉన్న మోనోజీనియన్లు, అంటే కొక్కేల్లాంటి అవయవంతో చర్మానికి అతుక్కునే చదునైన పురుగులు, రెండు రోజుల్లో దాదాపు నాలుగింట మూడొంతులు తగ్గాయి. కాబట్టి గైడ్లు చెప్పేది కథ కాదు. కానీ కరేబియన్‌లో మెక్‌కామన్, సిక్కెల్, నెమెత్ 2010లో మూడు జాతుల్ని పక్కపక్కనే పోల్చినప్పుడు పెడర్సన్ రొయ్య మాత్రమే పురుగుల్ని గట్టిగా తగ్గించింది. మీ అంబోయినెన్సిస్‌కి దగ్గరి చుట్టం గ్రభామి, పట్టీల స్టెనోపస్ రెండూ లెక్కకొచ్చేంత తేడా చూపలేదు. క్లీనర్ అని పేరున్న ప్రతిదీ ఒకేలా పని చేయదు. నా అభిప్రాయంలో ట్యాంకు పెట్టేవాళ్లు అందరికంటే ముందు చదవాల్సిన ఫలితం ఇదే.

అంబోయినెన్సిస్‌కి అనుకూలంగా ఉన్న మాట కూడా చెప్పాలి. ఆస్ట్రేలియాలో జేమ్స్ కుక్ యూనివర్సిటీకి చెందిన డేవిడ్ వాన్ బృందం 2018లో గాయపడ్డ చేపల్ని ఈ రొయ్యల దగ్గర పెట్టింది. పుండు దగ్గర రొయ్య గిచ్చి పెద్దది చేస్తుందేమో అని సందేహం ఉండేది. అలా జరగలేదు, గాయం చుట్టూ ఎర్రదనం తగ్గింది. పంజరాల్లో చేపలు పెంచేచోట వలలకి చిక్కుకుని ఉండే చర్మపు పురుగుల గుడ్లని కూడా క్లీనర్ రొయ్యలు తినేస్తాయని అదే ఏడాది ఇంకో వ్యాసంలో చూపించారు. మనం చూసేది చేప ఒంటి మీద జరిగే పని. అసలు మేలు కొంత చుట్టుపక్కల కూడా జరుగుతోందన్నమాట.

డైవింగ్ చేసేవాళ్లకి ఒక మనవి. కొందరు వేళ్లు చాచి రొయ్యతో గోళ్లు శుభ్రం చేయించుకుని వీడియో పెడతారు. సరదాగా ఉంటుంది, నాకు తెలుసు. కానీ మనం సందు ముందు నిలబడినంతసేపూ అసలు రావాల్సిన చేపలు వెనక్కి తగ్గుతాయి. హోండురాస్ దగ్గరి రీఫ్‌లలో మనిషి లేకుండా కెమెరా మాత్రమే పెట్టినప్పుడు పెడర్సన్ రొయ్యల దగ్గరికి వచ్చిన చేపలకీ, డైవర్ దగ్గరున్నప్పుడు వచ్చిన చేపలకీ తేడా కనిపించింది. చేతికి రాసుకున్న సన్‌స్క్రీన్ సంగతి సరేసరి. కాస్త దూరం నుంచే చూడండి, ఇంకా ఎక్కువ కనిపిస్తుంది.

ట్యాంకులోకి వెళ్లే ముందు దీని బతుకు గురించి కాస్త తెలియాలి, ఎందుకంటే ట్యాంకులో వచ్చే ఇబ్బందులన్నీ అక్కడినుంచే. లైస్మాటా రొయ్య మొదట మగదిగా పెరుగుతుంది. కొంత పెద్దయ్యాక ఆడ అవయవాలు కూడా వచ్చి, మగతనం పోకుండానే, ఒకే ఒంట్లో రెండూ పని చేస్తాయి. తనకు తాను ఫలదీకరణ చేసుకోలేదు, జోడీ కావాల్సిందే. కలయిక కుదిరేది కుబుసం విడిచి ఒళ్లు మెత్తగా ఉన్న కొద్దిసేపట్లోనే. తర్వాత ఆకుపచ్చటి గుడ్లని పొట్ట కింద అంటించుకుని రెండు వారాలు అటూ ఇటుగా మోస్తుంది. జోడీలో ఇద్దరూ గుడ్లు మోస్తారు.

పొట్ట కింద గుడ్లంటే మీ బావగారికి వెంటనే తెలిసేది నీలకంఠ రొయ్య. సరిగ్గా అదే. వనామీ, టైగర్ రొయ్యలు గుడ్లని నీళ్లలోకి వదిలేస్తాయి. నీలకంఠం, ఈ క్లీనర్ రొయ్య మాత్రం మోస్తాయి, ఎందుకంటే రెండూ ఒకే పెద్ద వర్గానివి. చూడ్డానికి ఎక్కడి గోదారి రొయ్య, ఎక్కడి పగడపు దిబ్బ రొయ్య అనిపిస్తుంది కానీ వనామీకంటే నీలకంఠమే దీనికి దగ్గరి చుట్టం.

గుడ్లు చీకటి పడ్డాక పొదుగుతాయి. పిల్లలు సముద్రంలో కొట్టుకుపోతూ నెలల తరబడి బతకాలి. ల్యాబుల్లో పెంచినప్పుడు ఈ జాతి పిల్లదశ దాటి రొయ్య ఆకారానికి రావడానికి నాలుగైదు నెలలు కూడా పడుతుంది. వనామీ హేచరీలో కొన్ని వారాల్లో సీడ్ చేతికొస్తుంది కదా, దాంతో పోల్చుకోండి. అందుకే వీటి హేచరీలు పెద్దగా నిలదొక్కుకోలేదు, దుకాణంలో మీరు కొనే రొయ్య దాదాపుగా ఏదో ఒక రీఫ్ నుంచి పట్టుకొచ్చిందే. కొనే ముందు ఇది మనసులో పెట్టుకోవాలని నా కోరిక.

ఇంకో సంగతి. జర్మనీలోని ట్యూబింగెన్ యూనివర్సిటీలో వాంగ్, మిఖీల్స్ అనే ఇద్దరు ఈ రొయ్యల్ని ట్యాంకుల్లో ఇద్దరిద్దరుగా, ముగ్గురేసి, నలుగురేసి ఉంచి చూశారు. 2011లో వచ్చిన ఫలితం: రెండుకి మించి ఉన్న చోట కొన్ని వారాల్లో ఒకదాన్నొకటి చంపుకుని జంటకి దిగాయి. చంపింది కూడా ఎక్కువగా రాత్రిళ్లు, కుబుసం విడిచి కదల్లేకుండా ఉన్నదాన్ని. దుకాణంవాళ్లు నాలుగు కొంటే తక్కువ రేటు అంటారు. చిన్న ట్యాంకుకి రెండు చాలు.

ఇప్పుడు మీ వైట్ స్పాట్. మీ చేపల మీద ఉప్పుగల్లుల్లా కనిపిస్తున్న తెల్లచుక్కలు క్రిప్టోకారియన్ ఇరిటాన్స్ అనే ఏకకణ జీవి వల్ల వస్తాయి. అది చర్మం మీద కూర్చోదు, పైపొర కిందికి దూరి అక్కడ తింటుంది. రొయ్య డెక్క అక్కడికి చేరదు. చేపని వదిలి కిందపడ్డాక గులకల మీద గూడులాంటి గట్టి పొర కట్టుకుని అందులో వందల్లోకి చీలి మళ్లీ ఈదుకుంటూ వస్తుంది. రొయ్య అక్కడక్కడా ఒకటి తిన్నా ఆ లెక్కకి సరిపోదు. రొయ్యని మందుగా తేకండి. చేపల్ని వేరే ట్యాంకులోకి మార్చి అక్కడ వైద్యం చేయండి, అసలు ట్యాంకుని చేపలు లేకుండా రెండు నెలలకు పైగా ఖాళీగా వదిలేయండి. రాగి మందు వాడితే ఆ వేరే ట్యాంకులోనే వాడాలి. రాగి కలిసిన నీళ్లలో రొయ్య బతకదు, పగడాలూ బతకవు. ఆ ట్యాంకు వల, పైపు కూడా ఇటు వాడకండి.

అన్నీ కుదుటపడ్డాక, ఇష్టంగా పెంచుకోవడానికి తెస్తానంటే సంతోషం. ఉప్పదనం (స్పెసిఫిక్ గ్రావిటీ) 1.024 దరిదాపుల్లో, వేడి 25, 26 డిగ్రీల దగ్గర నిలకడగా ఉండాలి. సంచిలో నీళ్లు, ట్యాంకు నీళ్లు కలపడం గంటకు పైగా చుక్కచుక్కగా చేయండి. చేపలు తట్టుకునే మార్పుని ఇది తట్టుకోలేదు. దూరడానికి రాతి సందు ఉండాలి, కుబుసం విడిచిన రోజు అదే దానికి ప్రాణం. పొద్దున్నే ట్యాంకు అడుగున తెల్లగా ఖాళీ రొయ్య ఆకారం కనిపిస్తే టెన్షన్ పడకండి, అది వదిలిన కుబుసం. రొయ్య సందులో ఉంటుంది, రెండు రోజులు దాన్ని కదిలించకండి.

చేపల ఎంపికలో జాగ్రత్త. రీఫ్ మీద బేరం నిలబడడానికి ఉన్న కారణాలు ట్యాంకులో సగం ఉండవు. తప్పించుకునే దారి లేదు, చేపకి పురుగులూ లేవు, ఆకలి మాత్రం ఉంది. పైగా సంచి తెరిచి పైనుంచి వదిలిన రొయ్య నీళ్లలో మెల్లగా కిందికి దిగుతుంటే అది సందులో కూర్చుని మీసాలాడించే రొయ్యలా కనిపించదు, జారవిడిచిన తిండిలా కనిపిస్తుంది. లయన్ ఫిష్, ట్రిగ్గర్, పెద్ద హాక్ ఫిష్ ఉన్న ట్యాంకులో ఇది నిలవదు. లైట్లు ఆర్పి, గొట్టంలోంచి నేరుగా సందు దగ్గరికి వదలండి. తిండికి రోజూ రొయ్యముక్కో గుళికో అందేలా చూడండి, చేపల మీద ఏరుకుని బతుకుతుందని వదిలేస్తే పగడాల నోట్లోంచి తిండి లాక్కుంటుంది. ఇంకొకటి, అండమాన్ నుంచి పగడం ముక్క, రాయి లాంటివి గుర్తుగా తెచ్చుకోకండి. రీఫ్ కట్టే పగడాలు 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్లో ఉన్నాయి.

చివరిగా భీమవరం చెరువు. పనికిరాదు. ఈ రొయ్యకి సముద్రపు ఉప్పదనం, తేటనీరు, రాతి సందు కావాలి, మన చెరువుల్లో ఆ మూడూ లేవు. పైగా మీ బావగారు భయపడే వైట్ స్పాట్ వైరస్, మీ చేపల మీదిది కాదు. పేరొక్కటే, రెంటికీ సంబంధం లేదు. వైరస్ రొయ్య ఒంటి లోపల ఉంటుంది, బయటినుంచి ఏరడానికి అక్కడ ఏమీ ఉండదు. కార్పు చెరువుల్లో చేపపేను అనే ఆర్గులస్ అయితే ఒంటి మీద పురుగే కానీ, మంచినీటిలో ఈ రొయ్య కొద్దిసేపు కూడా నిలవదు. భయం ఇంకోవైపు నుంచి ఉంది. ఆ వైరస్ చాలారకాల రొయ్యల్లో, పీతల్లో ఉండగలదు. బయటి దేశం నుంచి వచ్చిన అలంకార రొయ్యలో అది లేదని ఎవరూ హామీ ఇవ్వలేరు. మీ ట్యాంకులో రొయ్య చచ్చిపోతే కాలవలో వేయకండి, పూడ్చిపెట్టండి. ట్యాంకులో నీళ్లు మార్చినప్పుడు తీసిన పాత నీళ్లని చెరువు, కాలవ దరిదాపుల్లో పారబోయకండి. ఒకవేళ రొయ్యని ఎవరికైనా ఇచ్చేయాల్సి వస్తే ఉప్పునీటి ట్యాంకు ఉన్నవాళ్లకే ఇవ్వండి. మీ ట్యాంకు ఎన్ని లీటర్లది, ప్రస్తుతం అందులో ఏయే చేపలు ఉన్నాయో రాస్తే, వాటిలో ఏవి రొయ్యతో సర్దుకుంటాయో ఒక్కొక్కటిగా చెబుతాను.